ఎలిప్టికల్ కన్సోల్ అంకెలు: కొలిచినవేవి, లెక్కగట్టినవేవి

క్లుప్తంగా

ఇంట్లో వాడే ఎలిప్టికల్ మెషీన్ కన్సోల్ (అంకెలు చూపే తెర, బటన్లు ఉన్న భాగం) కచ్చితంగా కొలవగలిగేవి రెండే: గడిచిన సమయం, పెడళ్లు తిరిగిన చుట్ల సంఖ్య. గుండె వేగాన్ని కూడా కొలుస్తుంది కానీ అది చేతులు సరిగా ఆనినప్పుడు మాత్రమే. వేగం, దూరం, కేలరీలు, కొవ్వు శాతం వంటివన్నీ తయారీదారు ముందే పెట్టిన సూత్రాలతో కట్టిన లెక్కలు. ఒకే మెషీన్‌పై నిన్నటి వ్యాయామాన్ని నేటితో పోల్చుకోవడానికి ఈ అంకెలు బాగా పనికొస్తాయి. మరో మెషీన్‌తోనో, రోడ్డు మీది నడకతోనో, తిన్న తిండితోనో పోల్చితే తప్పుదారి పట్టిస్తాయి.

గందరగోళం ఎక్కడ మొదలవుతుంది

పాదాలు పెడళ్ల మీద నుంచి లేవకుండా, కోడిగుడ్డు ఆకారంలో కాళ్లు తిరిగే ఈ యంత్రాన్ని ప్రీకోర్ సంస్థ 1995లో జిమ్‌ల మార్కెట్లోకి తెచ్చింది. పరుగులో మడమ నేలను తాకిన ప్రతిసారీ మోకాలికి తగిలే దెబ్బ ఇందులో ఉండదు. ఆ సౌలభ్యం వల్లే ఇది జిమ్‌ల నుంచి ఇళ్లకు చేరింది. మన దుకాణాల్లో దీన్ని క్రాస్ ట్రైనర్ అనే పేరుతోనే ఎక్కువగా అమ్ముతున్నారు. జిమ్‌లో ఉండే భారీ యంత్రానికీ, అపార్ట్‌మెంట్ బాల్కనీలో పట్టే చిన్న యంత్రానికీ చట్రంలో ఎంతో తేడా ఉన్నా, తెరపై కనిపించే పేర్లు మాత్రం ఒకటే: టైమ్, స్పీడ్, డిస్టెన్స్, కేలరీస్, పల్స్. పేర్లు ఒకటే కాబట్టి వాటి వెనుక కొలత కూడా ఒకటేనని అనుకోవడం సహజం. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఇళ్లలో వాడే కన్సోళ్లు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకం పెన్సిల్ సెల్స్‌తో నడిచే చిన్న తెర. దీనికీ, బిగువును పెంచే తిరుగుడు మీటకూ ఎలాంటి సంబంధం ఉండదు. మీటను 1 నుంచి 8 వరకు ఎక్కడ పెట్టినా కన్సోల్‌కు తెలియదు. రెండో రకం అడాప్టర్‌తో నడుస్తుంది. ఇందులో లెవెల్ బటన్ నొక్కగానే కన్సోల్ ఒక చిన్న మోటార్‌కు సంకేతం పంపుతుంది, ఆ మోటార్ అయస్కాంతాలను జరుపుతుంది. కాబట్టి ఇక్కడ ఏ లెవెల్‌లో తొక్కుతున్నారో కన్సోల్‌కు తెలుసు. ఈ ఒక్క తేడా కేలరీల అంకె విశ్వసనీయతను ఎంతగా మారుస్తుందో ముందు ముందు తెలుస్తుంది.

వేగం, దూరం: ఒక అయస్కాంతం చెప్పే కథ

పెడళ్లతో పాటు తిరిగే కప్పీకి ఒక చిన్న అయస్కాంతం అతికించి ఉంటుంది. దానికి ఎదురుగా, కొద్ది మిల్లీమీటర్ల దూరంలో, చట్రానికి రీడ్ స్విచ్ అనే సెన్సర్ బిగించి ఉంటుంది. అయస్కాంతం ఎదురుగా వచ్చిన ప్రతిసారీ స్విచ్‌లోని రెండు లోహపు రేకులు కలిసి విడిపోతాయి. ఆ స్పందన సన్నని తీగ గుండా నిలువు స్తంభం లోపలి నుంచి పైకి, కన్సోల్‌కు చేరుతుంది. కన్సోల్‌కు బయటి ప్రపంచం గురించి తెలిసింది ఇంతే: ఎన్ని స్పందనలు వచ్చాయి, ఒకదానికీ మరొకదానికీ మధ్య ఎంత సమయం పట్టింది.

దీని నుంచి దూరం ఎలా వస్తుందంటే, ఒక్కో చుట్టుకు ఇన్ని మీటర్లు అని తయారీదారు ముందే ఒక గుణకాన్ని నిర్ణయించి చిప్‌లో పెడతారు. అడుగు పొడవు 12 అంగుళాలున్న చిన్న యంత్రానికీ, 20 అంగుళాలున్న పెద్ద యంత్రానికీ ఈ గుణకాన్ని ఎలా ఎంచుకోవాలన్నది తయారీదారు ఇష్టం. కాబట్టి తెరపై 4 కిలోమీటర్లు కనిపిస్తే, దాని అర్థం ‘ఈ యంత్రంపై ఇన్ని చుట్లు పూర్తయ్యాయి’ అని మాత్రమే. ఆ అంకె 4 కిలోమీటర్ల నడకకు సమానమని చెప్పే ఆధారమేదీ ఆ తీగలో లేదు. చుట్ల వేగం విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. కొన్ని కన్సోళ్లు నిమిషానికి చుట్లను చూపితే, మరికొన్ని నిమిషానికి అడుగులను చూపుతాయి. ఒక పూర్తి చుట్టుకు రెండు అడుగులు పడతాయి కాబట్టి ఒకదానిలో 50 అని, మరోదానిలో 100 అని కనిపించినా వేగం ఒకటే కావచ్చు.

ఇళ్లలో తరచు వచ్చే ఫిర్యాదు కూడా ఈ తీగకు సంబంధించినదే. గడియారం నడుస్తుంటుంది, బటన్లు పనిచేస్తుంటాయి, కానీ వేగం మాత్రం సున్నా దగ్గరే నిలిచిపోతుంది. అలాంటప్పుడు కన్సోల్ చెడిపోయిందని అనుకోవడానికి ముందు, స్తంభం మధ్యలో రెండు తీగలు కలిసే జాక్ పూర్తిగా బిగిసిందో లేదో చూడాలి. మెషీన్ బిగించే సమయంలో ఈ తీగ గొట్టం అంచుకు నలిగిపోవడం, యంత్రాన్ని ఒక గది నుంచి మరో గదికి జరిపినప్పుడు సెన్సర్ పక్కకు తొలగడం మామూలే. అంకెలు మసకబారడం, వాటంతట అవే చెరిగిపోవడం జరిగితే మాత్రం ముందుగా మార్చాల్సింది సెల్స్‌ను. పాత సెల్, కొత్త సెల్ కలిపి వేయకూడదు. కొన్ని నెలలు వాడకుండా వదిలేసేటప్పుడు వాటిని తీసేయడం మేలు. కోస్తా ఊళ్ల ఉక్కపోతలో లోపలి స్ప్రింగులకు తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

లెవెల్ ఒక్కటే శ్రమ కాదు

బిగువు ఎలా పుడుతుందన్నది ఈ యంత్రంలో ఆసక్తికరమైన భాగం. లోపల తిరిగే బరువైన చక్రానికి ఏ బ్రేకూ తాకదు. చక్రం అంచు దగ్గరకు అయస్కాంతాలు వస్తాయి. లోహం అయస్కాంత క్షేత్రంలో కదిలినప్పుడు దానిలో సుడి ప్రవాహాలు పుట్టి, ఆ కదలికనే అడ్డుకుంటాయి. లెవెల్ పెంచడమంటే అయస్కాంతాలను చక్రానికి మరింత దగ్గరగా జరపడమే.

ఈ రకమైన బ్రేకుకు ఒక గుణముంది: మామూలు వేగాల్లో చక్రం ఎంత వేగంగా తిరిగితే అడ్డుకునే బలం దాదాపు అంతగా పెరుగుతుంది. సామర్థ్యం అంటే బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది కాబట్టి, అది దాదాపు వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. లెవెల్ 5లో నిమిషానికి 50 చుట్లు తొక్కే వ్యక్తి అదే లెవెల్‌లో 60 చుట్లకు వెళితే, వేగం 20 శాతమే పెరిగినా శరీరం పెట్టాల్సిన పని సుమారు 44 శాతం పెరుగుతుంది. లెవెల్ మార్చకుండానే ఊపిరి ఎందుకు అందడం లేదన్న సందేహానికి సమాధానం ఇదే. ‘నేను లెవెల్ 8లో చేస్తాను’ అన్న మాటకు చుట్ల వేగం జతకాకపోతే పెద్దగా అర్థం లేకపోవడానికి కారణమూ ఇదే. పైగా ఇద్దరి ఇళ్లలోని వేర్వేరు మెషీన్ల లెవెల్ అంకెలు ఫ్యాన్ రెగ్యులేటర్ మీది అంకెల వంటివి; ఒక ఫ్యాన్‌లో 3 మరో ఫ్యాన్‌లో 3కి సమానం కానవసరం లేదు.

అడాప్టర్ రకం కన్సోళ్లలో కొన్నిటికి వాట్ ప్రోగ్రామ్ ఉంటుంది. వాడుకదారు 80 వాట్లు అని పెడితే, తొక్కే వేగం తగ్గినప్పుడు కన్సోల్ బిగువును పెంచుతుంది, వేగం పెరిగినప్పుడు బిగువును తగ్గిస్తుంది. మొత్తం శ్రమ మాత్రం అక్కడే నిలుస్తుంది. వేగంగా తొక్కుతుంటే బిగువు వదులైపోవడం చూసి మెషీన్ పాడైందని భావించేవారున్నారు. నిజానికి అది చేయాల్సిన పనినే చేస్తోంది.

కేలరీల అంకె

తెరపై అన్నిటికంటే ఎక్కువమంది చూసేదీ, అన్నిటికంటే తక్కువగా నమ్మాల్సినదీ ఇదే. శరీరం ఖర్చు చేసే శక్తిని నిజంగా కొలవాలంటే పీల్చిన ఆక్సిజన్‌నూ, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నూ కొలిచే ముఖతొడుగు కావాలి. ఇంటి కన్సోల్‌కు అది లేదు కనుక దొడ్డిదారి లెక్క ఒకటి వాడుతుంది.

వ్యాయామ శాస్త్రంలో మెట్ అనే ప్రమాణముంది. విశ్రాంతిగా కూర్చున్న మనిషి కిలో బరువుకు గంటకు ఖర్చు చేసే సుమారు 1 కిలోకాలరీని (తెరపై కేలరీ అని చూపేది దీన్నే) 1 మెట్ అంటారు. వివిధ శారీరక శ్రమలకు మెట్ విలువలిచ్చే ప్రామాణిక పట్టిక 2011 కూర్పులో, ఎలిప్టికల్‌పై మధ్యస్థ శ్రమకు 5 మెట్‌లు ఇచ్చారు. ఆ లెక్కన 60 కిలోల వ్యక్తి అరగంట చేస్తే 5ను 60తో, దాన్ని అరగంటతో గుణించాలి. వచ్చేది 150 కిలోకాలరీలు. 90 కిలోల వ్యక్తికి అదే అరగంట 225 అవుతుంది. ఈ లెక్కలో బరువు ఎంత కీలకమో దీన్నిబట్టే తెలుస్తుంది. అయినా సెల్స్‌తో నడిచే కన్సోళ్లలో చాలావాటికి బరువు నమోదు చేసే అవకాశమే ఉండదు. అవి ఒక సగటు మనిషిని ఊహించుకుంటాయి. ఆ ఊహ 70 కిలోలు అనుకుంటే, 55 కిలోల మహిళకు 137 బదులు 175 చూపుతుంది. అంటే పావువంతుకు పైగా అదనం. బిగువు సమాచారం కూడా అలాంటి కన్సోల్‌కు చేరదు కాబట్టి, లెవెల్ 1లో అలవోకగా తిప్పినా, లెవెల్ 8లో చెమటోడ్చినా చుట్లు సమానమైతే కేలరీలూ సమానమే.

మరో లోపం తక్కువమందికి తెలుసు. ఈ లెక్కలు సాధారణంగా మొత్తం ఖర్చును చూపుతాయి. ఆ అరగంట ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే 1 మెట్ భాగం కూడా అందులో కలిసే ఉంటుంది. 60 కిలోల వ్యక్తికి చూపిన 150లో వ్యాయామం వల్ల అదనంగా ఖర్చయినవి 120 మాత్రమే. బరువు తగ్గాలనుకునేవారు తెరపై అంకెను చూసి ‘ఇన్ని కరిగాయి కాబట్టి ఇంత తినవచ్చు’ అని లెక్క వేసుకుంటే, ఊహించిన బరువు వల్ల వచ్చే తప్పు, కూర్చున్నప్పటి ఖర్చును కలపడం వల్ల వచ్చే తప్పు రెండూ ఒకే దిశలో పేరుకుపోవచ్చు. నెలలు గడిచినా తూకంలో మార్పు కనిపించక నిరుత్సాహపడి మెషీన్‌ను బట్టలారేసే దండెంగా మార్చేయడం వెనుక ఈ లెక్క పాత్ర చిన్నది కాదు. నష్టం జరిగేది అంకె తప్పు కావడం వల్ల కాదు, ఆ అంకెపై భోజనాన్ని ఆధారపరచడం వల్ల.

ట్రెడ్‌మిల్‌తో పోలిస్తే ఎలిప్టికల్‌కు ఈ ఇబ్బంది ఎక్కువ. నడక, పరుగులకు బెల్టు వేగం, వాలు, శరీర బరువు తెలిస్తే ఆక్సిజన్ వినియోగాన్ని అంచనా కట్టే సూత్రాలు దశాబ్దాలుగా పరీక్షకు నిలిచాయి, అవి ఏ ట్రెడ్‌మిల్‌కైనా వర్తిస్తాయి. ఎలిప్టికల్‌లో అడుగు పొడవు, పాదం ఎత్తు, చక్రం బరువు, చేతి కడ్డీల లాగుడు ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం. ఒక మోడల్‌పై సరిపోయిన సూత్రం మరోదానిపై సరిపోదు.

వాట్లు చూపే కన్సోల్ ఉంటే మెరుగైన అంచనా సాధ్యమే. 100 వాట్ల సగటుతో అరగంట తొక్కితే యంత్రంపై జరిగిన పని 180 కిలోజౌళ్లు. కండరాలు తాము వాడిన శక్తిలో సుమారు 20 నుంచి 25 శాతాన్ని మాత్రమే ఇలాంటి పనిగా మార్చగలవు, మిగిలినది వేడిగా పోతుంది. అంటే శరీరం ఖర్చు చేసేది యంత్రంపై జరిగిన పనికి నాలుగైదు రెట్లు; ఒక కిలోకాలరీ 4.184 కిలోజౌళ్లు కాబట్టి ఈ గుణకం, ఆ భాగహారం దాదాపు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫలితంగా యంత్రంపై జరిగిన కిలోజౌళ్ల అంకె, శరీరం ఖర్చు చేసిన కిలోకాలరీల అంకె దగ్గరదగ్గరగా ఉంటాయి: ఇక్కడ సుమారు 180. అయితే వాట్ల అంకె సరైనదైతేనే ఈ సౌలభ్యం.

గుండె వేగం: ఎక్కడ నమ్మాలి, ఎక్కడ ఆగాలి

స్థిరంగా ఉండే కడ్డీలపై మెరిసే లోహపు రేకులు ఈసీజీ తీసే పద్ధతిలోనే పనిచేస్తాయి. గుండె కొట్టుకున్నప్పుడు పుట్టే అతి స్వల్ప విద్యుత్ తేడాను రెండు అరచేతుల మధ్య పట్టుకుంటాయి. అందువల్ల ఒక చెయ్యి మాత్రమే ఆనిస్తే ఏమీ కనిపించదు. చేతులు మరీ పొడిగా ఉంటే సంకేతం అందదు, కొద్దిగా తడి చేస్తే అందుతుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే ముంజేతి కండరాల విద్యుత్ అలజడి గుండె సంకేతాన్ని కప్పేస్తుంది. కాబట్టి తొక్కడం నెమ్మదింపజేసి, రెండు చేతులూ వదులుగా, అరచెయ్యి పూర్తిగా ఆనేలా ఉంచి, అంకె కుదురుకునే దాకా కొన్ని సెకన్లు ఆగడం సరైన పద్ధతి. కదులుతూ తొక్కుతున్నంతసేపూ కచ్చితమైన కొలత కావాలంటే ఛాతీకి కట్టుకునే పట్టీ నయం. కన్సోల్ ఏ రకం పట్టీని అందుకుంటుందో ముందే చూసుకోవాలి; పాత కన్సోళ్లు 5 కిలోహెర్ట్జ్ సంకేతాన్నీ, కొత్తవి బ్లూటూత్‌నూ అందుకుంటాయి.

ఇంతవరకు కొలత. తర్వాత వచ్చేది ఊహ. 55 శాతం, 75 శాతం, 90 శాతం అని కన్సోల్ చూపే లక్ష్యాలు గరిష్ఠ గుండె వేగంలో వంతులు. ఆ గరిష్ఠాన్ని అది సాధారణంగా 220 నుంచి వయసును తీసేసి లెక్కిస్తుంది. 1971లో ఫాక్స్, ఆయన సహచరులు రాసిన పత్రంతో ప్రచారంలోకి వచ్చిన ఈ సూత్రం ప్రత్యేకంగా రూపొందించిన పరిశోధన ఫలితం కాదు, అప్పటి సమాచారాన్ని చూసి వేసిన అంచనా. 2001లో తనాకా బృందం 351 అధ్యయనాలను కలిపి విశ్లేషించి, వయసును 0.7తో గుణించి 208 నుంచి తీసేయాలని ప్రతిపాదించింది. 40 ఏళ్లవారికి రెండు సూత్రాలూ 180 అనే చెబుతాయి. 60 ఏళ్లకు మొదటిది 160 అంటే రెండోది 166 అంటుంది. ఏ సూత్రాన్ని తీసుకున్నా, ఒకే వయసు వారిలో నిమిషానికి 10 అటూఇటూగా తేడా ఉండటం మామూలే. ఇక వయసు నమోదే చేయకపోతే, కన్సోల్ తనలో ముందే ఉన్న వయసును వాడుకుంటుంది. అరవై ఏళ్ల తల్లిదండ్రులు కొడుకు పేరు మీది ప్రొఫైల్‌లో తొక్కితే కన్సోల్ ఇచ్చేది కొడుకు లక్ష్యమే.

అసలు ప్రమాదం గుండె వేగం ఆధారంగా నడిచే ప్రోగ్రామ్‌లో పొంచి ఉంది. అందులో లక్ష్యం 120 అని పెడితే, గుండె వేగం దానికంటే తక్కువగా ఉన్నంతసేపూ కన్సోల్ బిగువును పెంచుకుంటూ పోతుంది. రక్తపోటుకో, గుండె జబ్బుకో అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో గుండె వేగం మందు ప్రభావం వల్ల అంతగా పెరగదు. శరీరం అప్పటికే అలసిపోయి ఉన్నా యంత్రానికి ఆ సంగతి తెలియదు. దానికి కనిపించేది లక్ష్యం చేరని ఒక అంకె మాత్రమే, అందుకే బిగువు మరో మెట్టు పెరుగుతుంది. ఈ మందులు వాడేవారు ఆ ప్రోగ్రామ్‌ను పక్కన పెట్టి, మాన్యువల్ పద్ధతిలో మాట్లాడగలిగే శ్రమను కొలమానంగా తీసుకోవాలి. తొక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే శ్రమ మధ్యస్థం. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే తీవ్రం. ఎంతవరకు వెళ్లవచ్చన్నది వారి వైద్యుడు చెప్పాల్సిన సంగతి.

రికవరీ, బాడీ ఫ్యాట్ బటన్లు

వ్యాయామం ఆపగానే రికవరీ బటన్ నొక్కి, రెండు చేతులూ రేకులపై ఉంచితే కన్సోల్ 60 సెకన్లు లెక్కించి ఎఫ్1 నుంచి ఎఫ్6 వరకు ఒక గ్రేడ్ ఇస్తుంది. ఎఫ్1 మంచిది, ఎఫ్6 బలహీనమైనది. దీని వెనుక నిజమైన వైద్య భావన ఉంది. వ్యాయామం ఆపిన తొలి నిమిషంలో గుండె వేగం 12 లేదా అంతకన్నా తక్కువగా మాత్రమే తగ్గినవారిలో మరణ ముప్పు ఎక్కువగా ఉందని 1999లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం చూపింది. కానీ అది ఆసుపత్రిలో, ఈసీజీ తీగలతో, నిర్ణీత పద్ధతిలో తీసిన కొలత. ఇంట్లో ఆ 60 సెకన్లలో చెయ్యి ఒకసారి జారినా గ్రేడ్ మారిపోతుంది. ఎఫ్6 చూసి బెంగపడటం కన్నా, ఒకే శ్రమ తర్వాత గుండె వేగం ఒక నిమిషంలో ఎంత తగ్గిందో వారానికోసారి రాసిపెట్టుకోవడం ఉపయోగకరం.

బాడీ ఫ్యాట్ బటన్ చేతుల గుండా స్వల్ప విద్యుత్తును పంపి, అడ్డంకిని బట్టి కొవ్వును అంచనా వేస్తుంది. ఆ విద్యుత్తు చేతులు, ఛాతీ పైభాగం గుండా వెళుతుంది తప్ప నడుము కిందికి దిగదు. తాగిన నీరు, పట్టిన చెమట కూడా ఫలితాన్ని మారుస్తాయి. పేస్‌మేకర్ ఉన్నవారు ఈ బటన్ నొక్కకూడదు.

సెట్ చేసే క్రమం

కన్సోల్ ఏదైనా క్రమం దాదాపు ఒకటే. తొక్కడం మొదలుపెట్టక ముందే లక్ష్యాలు పెట్టాలి. కదులుతున్నప్పుడు సెట్ బటన్ చాలా కన్సోళ్లలో స్పందించదు. మోడ్ లేదా ఎంటర్ నొక్కుతూ పోతే సమయం, దూరం, కేలరీలు, పల్స్ ఒక్కొక్కటిగా మిణుకుతాయి. సమయం, దూరం, కేలరీల్లో కావలసినదాని దగ్గర ఆగి విలువ పెంచితే ఆ అంకె వెనక్కి తగ్గుతూ సున్నాకు చేరగానే కన్సోల్ కూత పెడుతుంది. రెండు లక్ష్యాలు పెడితే ఏది ముందు సున్నాకు చేరితే అదే వ్యాయామాన్ని ఆపుతుంది కాబట్టి ఒక్క సమయాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం తేలిక. మోడ్ లేదా రీసెట్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే అన్నీ చెరిగిపోతాయి.

ప్రోగ్రామ్‌ల విషయంలో తెరపై కనిపించే కొండల బొమ్మ నిజానికి సమయాన్ని పంచుకున్న గడులు. 10 గడులున్న ప్రోగ్రామ్‌కు 20 నిమిషాలు పెడితే ఒక్కో గడి 2 నిమిషాలు, 40 పెడితే 4 నిమిషాలు. సమయం పొడిగించిన కొద్దీ అత్యంత బిగువైన గడిలో నిలవాల్సిన వ్యవధి కూడా పెరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారు ఇది గమనించక మధ్యలో అలసిపోతారు. యూ1 నుంచి యూ4 వరకు ప్రొఫైళ్లున్న మోడల్‌లో ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో ప్రొఫైల్ వాడుకోవాలి. యూ0 ఉంటే అది అతిథుల కోసం, అందులో పెట్టిన వివరాలు సాధారణంగా నిలవవు.

కొనేటప్పుడు చూడాల్సిన చిన్న స్టిక్కర్

స్థిరంగా ఉండే వ్యాయామ యంత్రాలకు ఐఎస్ఓ 20957 అనే అంతర్జాతీయ ప్రమాణముంది. అందులో తొమ్మిదో భాగం ఎలిప్టికల్స్‌కు సంబంధించినది. యంత్రం మీద గానీ మాన్యువల్‌లో గానీ రెండక్షరాల తరగతి ఉంటుంది. హెచ్ అంటే గృహవినియోగం, ఎస్ అంటే జిమ్ వినియోగం. రెండో అక్షరం కొలతల కచ్చితత్వం: ఏ అయితే ఎక్కువ, బి అయితే మధ్యస్థం, సి అయితే కనీసం. ఇళ్ల కోసం అమ్మే మెషీన్లలో హెచ్‌సి తరచు కనిపిస్తుంది. అంటే ఆ కన్సోల్ అంకెలకు పెద్ద కచ్చితత్వం లేదని తయారీదారే ఒప్పుకున్నట్టు. ప్రకటనల్లో పెద్ద తెర, రంగుల బొమ్మల గురించి చెప్పినంతగా ఈ రెండక్షరాల గురించి ఎవరూ చెప్పరు. కొనేవారికి మాత్రం వాటికన్నా ఇదే ముఖ్యం.

ఫోన్‌కు జోడించే మోడల్ ఎంచుకునేవారు బ్లూటూత్ ప్రమాణ సంస్థ 2017లో తెచ్చిన ఫిట్‌నెస్ మెషీన్ సర్వీస్‌ను ఆ కన్సోల్ పాటిస్తుందో లేదో అడగాలి. పాటిస్తే వేర్వేరు యాప్‌లతో పనిచేసే వీలుంటుంది. లేకుంటే తయారీదారు సొంత యాప్‌తోనే సరిపెట్టుకోవాలి, ఆ యాప్ చందా అడిగినా, ఒకనాడు ఆగిపోయినా మరో దారి ఉండదు. ఫోన్‌లో గ్రాఫులుగా కనిపించినంత మాత్రాన కేలరీల కచ్చితత్వం పెరగదు. ఫోన్‌కు చేరేది కన్సోల్ కట్టిన లెక్కే. పెద్ద తెరకూ, యాప్‌కూ అదనంగా పెట్టే డబ్బును మోటార్‌తో లెవెల్ మారే యంత్రానికీ, వాట్లు చూపే కన్సోల్‌కూ, ఛాతీ పట్టీకీ మళ్లిస్తే కొలతల్లో నిజమైన మెరుగుదల దక్కుతుంది.